షార్జా కొట్లో విన్న బాపు శ్రుతి

దయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. హాలియా దగ్గర మా ఊరి చర్చిలో దయ్యం పట్టినవాళ్ళ కోసం ప్రార్థన జరుగుతుంటే, వెనక వరసలో కూర్చుని నవ్వాపుకునేవాణ్ణి. షార్జాలో ఏసీలు బాగుచేయడం నా పని. ఎక్కడైనా వింత చప్పుడు వస్తే, ఏదో స్క్రూ వదులైందనే అర్థం. ఇది కూడా అలాంటిదేనని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. మనసు ఒప్పుకోవడం లేదు.

ముందు మా బాపు గిటారు సంగతి చెప్పాలి. నాన్నను మేము బాపు అనే పిలుస్తాం. బాపు వారమంతా కూలికి పోయేవాడు, ఆదివారం చర్చిలో గిటారు వాయించేవాడు. పాటలు సొంతంగా కట్టేవాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చర్చిలో ఉన్న పాత హార్మోనియం శ్రుతి కాస్త దిగి ఉండేది. దానికి సరిపోయేలా గిటారు తీగలన్నీ దించుకున్నాడు. ఆ దించడంలో రెండు తీగలు లెక్క తప్పి మరికాస్త దిగిపోయాయి. ఈ సంగతి నాకిప్పుడు తెలుసు, అప్పట్లో ఎవరికీ తెలియదు. ఆయన వేళ్ళు ఆ తప్పుకే అలవాటు పడ్డాయి. ఊరు కూడా దానికే గొంతు కలిపింది.

బాపు పోయాక, జ్ఞాపకార్థ కూడికలో ఆయన గిటారు చక్కగా ఉండాలని మా చిన్నాయన కొడుకు దావీదు దానికి కొత్త తీగలు వేయించాడు. ఫోన్లో యాప్ పెట్టి శ్రుతి సరిచేశాడు. పాపం, ప్రేమతోనే చేశాడు. కానీ బాపు శ్రుతి ఆ పాత తీగలతోనే పోయింది. హార్మోనియం అంతకుముందే పాత సామాన్లవాడి పాలైంది. చర్చి వీడియోల్లో వెతికితే డ్రమ్ ప్యాడ్ల మోత, చప్పట్లే తప్ప గిటారు వినపడదు.

అసలు బాధ అమ్మది. మంచాన పడ్డ రోజుల్లో బాపు ఆఖరిగా ఒక పాట కట్టి ఆమెకొక్కదానికే నేర్పాడు. గిటారు మోగితేనే ఆమెకు ఎత్తుకోవడం వచ్చేది. దావీదు తీగలు ఎన్ని రకాలుగా దించి చూసినా, "ఇది గాదు బిడ్డా" అనేది. మాటలున్నాయి, పాట రావడం లేదు. ఆ మాటలు కూడా ఏదో ఒకరోజు మరిచిపోతానని భయపడేది.

ఆమె మనసు కాస్త కుదుటపడుతుందని, సెలవు మీద ఊరికి వచ్చే ముందు బాపు పేరు మీద చర్చికి ఒక ఎలక్ట్రిక్ గిటారు, ఆంప్లిఫయరు కొనాలనుకున్నాను. ఫోన్లో చెబితే అమ్మ, "కొత్తది కొంటే ఆయన పాట మళ్ళొస్తదారా?" అంది.

శుక్రవారం మధ్యాహ్నం సలీంను వెంటబెట్టుకుని బయలుదేరాను. సలీంది కల్వకుర్తి. నా గదిలోనే ఉంటాడు, ట్యాక్సీ నడుపుతాడు. మొదట మాల్‌కి వెళ్ళాం. కొత్త గిటార్లు తళతళలాడుతున్నాయి. ధర చూసి సలీం, "అన్నా, గీ పైసలతోని మా దిక్కు జత బర్లొస్తయి, నడువ్" అని బయటికి లాక్కొచ్చాడు.

తర్వాత పాత వాయిద్యాలమ్మే చిన్న కొట్టుకి పోయాం. నడిపేది ఫిలిప్పీన్స్ పెద్దాయన. గోడ నిండా పాత గిటార్లు, కింద గుడ్డ చిరిగిన ఆంప్లిఫయర్లు. పైన వేలాడుతున్న ఎర్ర గిటారు నచ్చింది. ఆయన దాన్ని దించి, ఒక పాత ఆంప్లిఫయరుకి తగిలించి, అది వేడెక్కాక నా చేతికిచ్చాడు. అమ్మకు చూపిద్దామని సలీం ఫోన్లో వీడియో తీస్తున్నాడు.

తీగలేవీ నొక్కకుండా, పైనుంచి కిందికి బొటనవేలు లాగాను.

అది బాపుది. ఆయన పాట మొదలుపెట్టే ముందు అలాగే ఒక్కసారి లాగేవాడు. అదే మోత.

పెద్దాయన మొహం చిట్లించాడు. నేను ఆపేలోపే గిటారు తీసుకుని, శ్రుతి చూసే మీటరు పెట్టి తీగలన్నీ బిగించేశాడు. పొద్దున కొట్టు తెరవగానే అన్నిటికీ శ్రుతి చూస్తాడట, దీనికీ చూశాడట. ఆ తర్వాత ఎవరూ ముట్టలేదన్నాడు. అటూ ఇటూ ఉన్న గిటార్లు పరీక్షించాడు. అవి సరిగ్గానే ఉన్నాయి. నాకు పిచ్చెక్కినట్టయింది. దొరికింది దొరికినట్టే చేజారిపోయింది. ఏసీ గాలి వల్ల సడలాయా అనిపించింది. కానీ చలికి తీగలు బిగుస్తాయి, సడలవు. అది నా పనే కదా, నాకు తెలుసు.

అంతలో అమ్మ ఫోన్ చేసింది. సలీం అప్పటికే వీడియో పంపేశాడట. బాపు శ్రుతి గొడవ వాడికేం తెలుసు? అమ్మ ఫోను చెవికి పెట్టుకుని వింది, బొమ్మ చూడలేదు.

"బాపు వాయించింది నీ తాన ఉన్నదా? గిన్నొద్దులు ఎందుకు వినిపియ్యలేదురా?" అని ఏడ్చింది.

ఆ చెయ్యి నాదేనని ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఆ వీడియో మళ్ళీ మళ్ళీ వింటూ, పెద్దాయనా నేనూ ఒక్కో తీగనూ దించి పట్టుకున్నాం. తీగలన్నీ కొంచెం దిగి, అందులో రెండు ఇంకా దిగి ఉన్నాయి. ఇలా ఎవరు పెడతారని పెద్దాయన నన్నే అడిగాడు. ఆ గిటారూ ఆంప్లిఫయరూ కొనేశాను.

ఊరికొచ్చాక ఇంట్లోనే ఆంప్లిఫయరుకి తగిలించి, అదే శ్రుతిలో తీగల మీద బొటనవేలు లాగి వాయించాను. అమ్మ గడప దగ్గర కూర్చుని, కళ్ళు మూసుకుని, ఎక్కడా తడబడకుండా పాటంతా పాడింది. దావీదు ఫోన్లో రికార్డు చేస్తూనే ఏడ్చేశాడు. నేను మళ్ళీ మొదలుపెట్టబోతే అమ్మ తీగల మీద చెయ్యి వేసింది.

"చాలు బిడ్డా. ఇగ తీగలు మంచిగ చెయ్యి. కూలికి పోయొచ్చినోన్ని మాటిమాటికి లేపుతమా? పండనియ్యి."

అమ్మ చెప్పినట్టే సరిచేశాను. ఆ రోజు కొట్లో ఏం జరిగిందో ఎన్ని విధాల ఆలోచించినా నాకు తేలలేదు. సలీం యాదృచ్ఛికం అంటాడు. దావీదు దేవుడి పని అంటాడు. ఇద్దరి మాటా నాకు మింగుడుపడదు.

సెలవు అయ్యేదాకా పొద్దున లేవగానే గిటారు పెట్టె తెరిచి, తీగల మీద ఒక్కసారి బొటనవేలు లాగి చూసేవాణ్ణి. శ్రుతి సరిగ్గానే ఉండేది. సరిగ్గా ఉన్నందుకు రోజూ నాకెందుకు ఏడుపొచ్చేదో అదీ అర్థం కాలేదు.