చేతులు కనబడని వెలుతురు

మా చిన్నపిల్ల పుట్టిన ఏడాది నా కుడిచేతి వేళ్ళ మీద మొదటి తెల్లమచ్చ వచ్చింది. కుట్టుమిషను మీద బతికేదాన్ని కాబట్టి వచ్చినవాళ్ళ కళ్ళు నా ముఖం కంటే ముందు చేతుల మీదే పడేవి. మచ్చలు కణుపులు దాటి మణికట్టు దాకా పాకేసరికి ఇబ్రహీంపట్నంలో మా గల్లీ మొత్తానికి తెలిసిపోయింది. అంటుకునే జబ్బు కాదని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. అడిగినవాళ్ళకు నేనూ అదే చెప్పేదాన్ని. అయితే అడిగినవాళ్ళు తక్కువ. జాకెట్ గుడ్డ నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వెళ్ళేవాళ్ళే ఎక్కువ.

కొంగరకలాన్ దగ్గర ఫ్యాక్టరీ వచ్చాక మా ఆయన అక్కడి సిబ్బంది బస్సు నడపడానికి కుదిరాడు. మేం ఇంటిమీద రెండు గదులు వేసి అద్దెకిచ్చాం. గోదావరి వైపు నుంచి వచ్చిన జంట ఒకటి అందులో దిగింది. అతను ప్లాట్ల కొలతలు తీసే సర్వేయరు, పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం. ఆమెకు పొద్దుపోక, జాకెట్ కత్తిరింపు నేర్చుకుంటానని కిందికి వచ్చేది. మొదటిరోజు నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుంటున్నప్పుడు ఆమె వేళ్ళు నా వేళ్ళకు తగిలాయి. ఆమె చీరకు తుడుచుకోలేదు. ఆ ఒక్కదానికే నాకు ఆమె మీద ఎంతో ప్రేమ పుట్టింది. అంత చిన్న విషయానికి అంతలా కరిగిపోయినందుకు సిగ్గు కూడా వేసింది.

"మీరు చెప్తుంటే ఎంత తేలిగ్గా ఉందో అక్కా. ఫోన్లో తీసి పెట్టండి. ఊళ్ళో మా వదిన కూడా చూసి నేర్చుకుంటుంది" అంది ఒకనాడు.

ముందుగదిలో బల్ల వేసి, డబ్బాల మీద ఫోను నిలబెట్టి మొదటి వీడియో తీశాం. ట్యూబ్‌లైటు నా వెనక గోడకు ఉంది. నేను వంగినప్పుడల్లా నా తల నీడ బట్ట మీద పడింది. సుద్దగీత ఎక్కడుందో తెలియలేదు. నా చేతులు కూడా రెండు నల్లటి ఆకారాల్లా కదిలాయి తప్ప ఏమీ తెలియలేదు. అది చూసుకుని నా మనసు నిమ్మళించింది. ఊళ్ళో వదినగారు మాత్రం, "ఏం కనబడలేదు, చీకట్లో తీశారా?" అని అడిగిందట.

మా ఆయన పట్నం నుంచి గుండ్రటి లైటు ఒకటి తెచ్చి, ఇనప కడ్డీకి కట్టి, బల్ల మీదికి వేలాడదీశాడు. స్విచ్చు వేయగానే బట్టలో పోగులు కూడా కనబడ్డాయి. నా చేతులూ కనబడ్డాయి. ఒక్కో మచ్చకు అంచులు గీసినట్టున్నాయి. అంత వెలుతురులో నా చేతులను నేను అంతకుముందు చూసుకోలేదు. తీసిన వీడియోను అక్కడికక్కడే తుడిచేశాను.

తర్వాత కొన్ని రోజులు నేను చేసిందంతా మచ్చలు మాయమయ్యే వెలుతురు వెతకడమే. లైటును బాగా కిందికి దించి, పక్కన ఇంకో రెండు బల్బులు వెలిగిస్తే చేయి మొత్తం పాలలో ముంచినట్టు ఒకే తెలుపైంది. మచ్చ ఎక్కడ మొదలైందో, చర్మం ఎక్కడ మొదలైందో పోల్చలేం. నాకు కావలసింది అదే. కానీ ఎర్రటి పట్టుబట్ట ఆ వెలుతురులో గులాబీ రంగైంది, సుద్దగీత అందులో కలిసిపోయింది. "అక్క, గీత కనబడ్తలేదు" అని, అందరూ చూసేలా నెట్‌లో పెట్టిన ఆ వీడియో కింద చూసినవాళ్ళు రాశారు.

"లైటు గంత దగ్గరికెందుకు దించినవ్? జర పైకి లేపు" అన్నాడు మా ఆయన.

"వద్దు."

"ఎందుకొద్దు?"

అతను నా చేతుల వైపు చూశాడు, వెంటనే చూపు స్విచ్చుబోర్డు మీదికి తిప్పుకున్నాడు. "సరే, గట్లనే ఉండనీ" అన్నాడు. ఇంకా గట్టిగా అడిగి ఉంటే బాగుండేదనిపించింది. తనకూ అలా ఉండటమే నయమనిపించిందేమో అన్న అనుమానం చాలారోజులు నన్ను తొలిచింది.

చివరికి పై ఇంటామెనే అడిగాను. "చెల్లే, వీడియోల నీ చేతులు పెడ్తవా? నేను ఎనకనుంచి చెప్తా. చెప్పినట్టు నువ్వు కొయ్యి."

"నాకింకా సరిగ్గా రాదు కదక్కా."

"నేనున్న గద."

ఆమె కాసేపు నా ముఖంలోకి చూసింది. ఎందుకని అడగలేదు. గాజులు సర్దుకుని బల్ల ముందు కూర్చుంది.

విచిత్రమేమిటంటే, నా చేతులు అందులో లేవని తేలిన రోజే నాకు వెలుతురు కుదర్చడం వచ్చింది. బల్బులు తీసేశాను. గుండ్రటి లైటును తల మీంచి తప్పించి ఎడమపక్కకు, కొంచెం ఏటవాలుగా పెట్టి, మీద పలచని తెల్లబట్ట కప్పాను. కుడివైపు నీడ నల్లగా పడకుండా థర్మాకోల్ అట్ట నిలబెట్టాను. లైటు మీది బట్ట గాలికి కదిలి నీడలు ఆడుతుంటే ఫ్యాను ఆపేశాం. చెమటలు కారుతున్నా పని సాగింది. సుద్దగీత తీగలా కనబడింది, ఎరుపు ఎరుపులాగే ఉంది. ఫోను వెనక, లైటుకు అవతల, చీకట్లో నిలబడి నేను కొలతలు చెప్పాను.

చూసేవాళ్ళు పెరిగారు. "చేతులు ఎంత ముద్దుగున్నయ్ అక్క" అని రాసేవాళ్ళు. ఆమె అది చదివి ఫోను పక్కన పెట్టేసేది. నేను మళ్ళీ తీసి చదివేదాన్ని.

ఒక మధ్యాహ్నం యాచారం నుంచి ఒకామె ఆటోలో వచ్చింది. వీడియోలో నేను ఇక్కడి దారాల దుకాణం మాట ఎత్తానట, అక్కడ అడిగితే మా ఇల్లు చూపించారట. ఆమె చేతిలో సగం కుట్టిన జాకెట్ ఉన్న కవరుంది. పై ఇంటామె అప్పుడు మా మంచం మీద కూర్చుని హుక్సులు కుడుతోంది. వచ్చినామె నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళింది.

"అక్క, నువ్వే గద. చేతులు, గాజులు చూడంగనే గుర్తువట్టిన" అని జాకెట్‌ను ఆమె ఒళ్ళో పెట్టింది. "చంకల గట్టిగ పట్టేస్తుంది. చెయ్యి లేపనీకి వస్తలేదు. వీడియోల నువ్వెట్ల కోసినవో నేను గట్లనే కోసిన."

పై ఇంటామె జాకెట్‌ను అటూ ఇటూ తిప్పింది. నా వైపు చూసింది. నేను గుమ్మం దగ్గర, చేతులు కొంగు కింద పెట్టుకుని నిలబడి ఉన్నాను. అప్పుడే ముందుకు రావలసింది. రాలేదు.

"నాకు తెలీదండి" అంది ఆమె. "చెప్పేది నేను కాదు."

"నువ్వు కాకుంటే ఎవరు?"

ఆ జాకెట్‌లో తప్పు నాకు నిలబడ్డ చోటినుంచే తెలుస్తోంది. "చంక గుండ్రం చాలలేదు. జర లోతుకు కొయ్యాలె" అన్నాను.

వచ్చినామె గిర్రున తిరిగింది. "గొంతు నీదా?"

"అవ్."

"మరి చేతులు ఆమెయెందుకు?"

కొంగు కిందినుంచి చేతులు బయటికి తీశాను. ఆమె చూసింది. చాలాసేపే చూసింది. "గిందుకా" అంది. జాకెట్ తీసి నా వైపు చాచబోతుండగా ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నేను గమనించానని ఆమెకూ తెలిసింది. తర్వాత జాకెట్ నా చేతికే ఇచ్చింది.

లైటు వేసి, కుట్టు విప్పి, కొత్త గీత గీశాను. ఆమె నా పక్కన వంగి గీతను చూసింది. "ఇగో, గిప్పుడు తెలిసింది. గామె కత్తెర జర పైకి తిప్పింది, నువ్వు చూస్తనే లేవు. గామెను కూసోబెట్టి నన్ను ఆగం జేసినవ్" అంది. కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నట్టు అంది. వీడియో తీసిన రోజు చీకట్లోంచి చూసిన నాకు ఆ తప్పు కనబడనే లేదు.

ఆమె వెళ్ళాక పై ఇంటామె సూది పక్కన పెట్టింది. "నన్నింక అడక్కండి అక్కా. ఆవిడ అలా అడుగుతుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు" అంది. మెట్లెక్కి వెళ్ళిపోయింది. నేను మోయలేని సిగ్గును తీసుకెళ్ళి ఆ పిల్ల ఒళ్ళో పెట్టానని అప్పుడర్థమైంది. అదే నన్ను అన్నిటికంటే ఎక్కువగా కాల్చింది.

మర్నాడు చంక కోత వీడియో మళ్ళీ తీశాను. లైటు కదపలేదు. ఆమె చేతులకు ఎలా పెట్టానో అలాగే ఉంచి, నా చేతులు పెట్టాను. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, మంచం అంచున కూర్చుని ఆసాంతం చూశాడు. "గీత మంచిగ కనబడ్తుంది" అన్నాడు. ఫోను నా చేతికిచ్చి, "పెట్టు" అన్నాడు.

పెట్టిన కాసేపటికే ఎవరో అడిగారు: "అక్క, చేతులకు ఏమైంది?" కాలిపోయిందని రాశాను. చెరిపేశాను. పుట్టుకతోనే అని రాసి, అదీ చెరిపేశాను. చివరికి "బొల్లి. అంటుకోదు. చంక కోత సమజైందా?" అని రాసి పంపాను. ముఖమంతా భగ్గుమంది. ఫోను బోర్లించి, బియ్యం కడగడానికి లేచాను.