నోటితో లాగే దారం

నేను డిగ్రీ పాసయ్యాను! మా ఇంటి తరాల్లో ఆ మాట అనగలిగింది నేనే మొదలు. ఆ సంబరంతో జగిత్యాలలో బాపుతో సిరిసిల్ల బస్సెక్కి, ముందు సీటు నుంచి వెనకదాకా పేడాలు పంచాను. బస్సు కోరుట్ల నుంచి వస్తోంది. వెనక సీట్లో బాపు జోడీదారు కనిపించాడు. ఇద్దరిదీ ఒకే సాంచ. మరమగ్గాన్ని మావాళ్లు అలాగే అంటారు. పగలు బాపు, రాత్రి అతను నడిపేవారు.

"కోరుట్లల ఏం పని వడ్డది తమ్మీ?" అన్నాడు బాపు.

"అక్కోళ్లింటికి పోయిన. నువ్వేందే అన్నా?"

"బిడ్డ పాసైంది గదా. చుట్టాలకు చెప్పచ్చినం."

అబద్ధం. మేము వెళ్లింది టీబీ దవాఖానాకు. సాంచల యజమానిని ఆసామి అంటాం. ఆసామికి తెలిస్తే పనిలోంచి తీసేస్తాడని బాపు నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

కొండగట్టు దగ్గర పోలీసులు బస్సాపారు. అడవిలోని నక్సలైట్ అన్నలకు అన్నం పెట్టినా, మందులిచ్చినా ఒళ్లు హూనం చేసే కాలం. జవాను బాపు సంచి కుమ్మరించాడు.

"ఇన్ని గోలీలు ఎవనికిరా? అడవిలకా?"

బాపు పలకలేదు. చెంప మీద దెబ్బ పడినా పలకలేదు. లాఠీ లేచేసరికి నేనే అరిచాను.

"ఆయనకే సార్! టీబీ!"

పక్క సీటావిడ నోట్లోని పేడాను కిటికీలోంచి ఉమ్మేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. జవాను వెనక్కి వెళ్లి జోడీదారు సంచి విప్పాడు. అవే టీబీ గోలీలు.

సాంచలో దారపు కండెను మోసుకుంటూ అటూ ఇటూ తిరిగే నాడె కంతలోంచి దారం రావాలంటే పెదాలు ఆనించి పీల్చాలి. ఆ ఒక్క నాడెకే పగలు ఒకరి నోరు, రాత్రి ఇంకొకరి నోరు.

"చెప్తే ఏం వోతుండె అన్నా? ఇంట్ల సంటిపిల్లలున్నరు నాకు!"

"మరి నువ్వు జెప్పినవా?"

ఒక్కరు ముందే చెప్పి ఉంటే రెండోవాళ్లకు అంటేది కాదు. కానీ చెప్పినవాడి పని పోయేది. బస్సులోని మాట ఆసామి చెవిన పడి, ఆ సాయంత్రానికల్లా ఇద్దరి పనీ పోయింది.

మర్నాడు నేను షెడ్డుకు వెళ్లి ఆసామి మీద విరుచుకుపడ్డాను. "నోరు వెట్టకుంట దారం గుంజే ఉపాయం చెయ్యరాదా?"

"డిగ్రీ సదివినవట గదా బిడ్డా, నువ్వే చెయ్యి," అని నవ్వాడు.

అతని వెనక, బాపు సాంచ మీదికి కొత్తగా వచ్చినాయన నాడె అందుకుని పెదాలకు ఆనించాడు. పాత నాడే. దాన్ని కనీసం కడగలేదు కూడా.