నేపాల్ పేజీ చివర ఒక్క వాక్యం

ఆ ఒక్క వాక్యం నేను రాయకపోయి ఉంటే మా ప్రెస్ వాచ్‌మన్ మస్కట్‌లోనే ఉండేవాడు. ఇన్నేళ్లయినా తల్చుకుంటే ఒళ్లు మండుతుంది.

డెబ్బైల చివర్లో మస్కట్‌లోని రువీ పేటలో ఒక ఇంగ్లీషు వారపత్రికలో చేరాను. అంతకుముందు విజయవాడలో పదిహేనేళ్లు దినపత్రిక కొలువు. వారానికో దేశం గురించి ఒక పేజీ నింపడం నా డ్యూటీ. జనాభా, ఆర్థిక వ్యవస్థ, ప్రభుత్వం: ఈ మూడు శీర్షికలూ ఏ దేశానికైనా అవే. పాత ఇయర్‌బుక్ ముందేసుకుని ఎత్తిరాయడమే. ఆ వారం నేపాల్ వంతు. రాజు పాలన, పొలాల మీద బతుకు. సముద్రతీరం లేదు, సరుకంతా పొరుగు దేశపు రేవుల మీదుగానే రావాలి, పోవాలి. చదివితే అక్కడ మనుషులున్నట్టే అనిపించదు.

మా వాచ్‌మన్ నేపాలీ. అందరూ గూర్ఖా అనేవాళ్లు. నేనూ అంతే, పేరు అడగలేదు. టీ వేళ కరీంనగర్ నుంచి వచ్చిన బైండింగ్ పనివాడు అతన్ని ఆటపట్టించేవాడు.

"మీ దేశంల సముద్రమే లేదట గద భాయ్, మరి చేపలెట్ల తింటరు?"

"మీ కరీంనగర్‌లో ఏ సముద్రం ఉంది?" అనేవాడు అతను హిందీలో. అందరం నవ్వేవాళ్లం.

పేజీలో ఏం రాశానో చెబితే వాచ్‌మన్ శ్రద్ధగా విన్నాడు. "మా ఊళ్లో మగవాళ్లంతా బయటే ఉన్నారు సాబ్. అది రాయలేదా?" అన్నాడు.

ఏ వార్తకైనా ఒక మనిషి మాట తగిలించమని మాకు నేర్పారు. ఆ మనిషి ఏమైపోతాడో అడగమని ఎవరూ నేర్పలేదు. "మా ప్రెస్ కాపలాదారు నేపాల్ వాడే, తన ఊళ్లో మగవాళ్లంతా పరాయి చోట్లే ఉన్నారంటాడు" అని చివర చేర్చి, మురిసిపోయాను కూడా.

పత్రిక బయటికొచ్చిన రోజే కడప నుంచి వచ్చిన మిషన్ ఫోర్‌మన్ నా బల్ల ముందు నిలబడ్డాడు.

"ఏం సాబ్, పదిహేనేండ్లు పేపర్లో చేసి నేర్చుకున్నది ఇదేనా? వాని పాస్‌పోర్ట్ ఇండియాది, దొంగది. బొంబాయిలో ఏజెంటు చేయించినాడు. మిషన్ కాడ అందరికీ తెలుసు. మీరు అడిగితే కదా!"

సరుకే కాదు, మనిషి కూడా పొరుగు దేశపు రేవు నుంచే బయటపడాలి. నేనే రాశాను, నాకే తట్టలేదు.

మేనేజర్ దగ్గరికి పరుగెత్తాను. పొరపాటు నాది, అతను ఇండియాలోని డార్జిలింగ్ వాడు, సవరణ వేస్తానని అబద్ధమాడాను.

"పేజీలో తప్పేం లేదుగా, సవరణ దేనికయ్యా?" అని నవ్వాడు ఆ పెద్దమనిషి. పాస్‌పోర్ట్ సంగతి అతనికి మొదట్నుంచీ తెలుసు. చవగ్గా దొరికాడని కళ్లు మూసుకున్నాడు. అచ్చులో పడ్డాక కంపెనీకి హఠాత్తుగా నీతి గుర్తొచ్చి, వాచ్‌మన్‌ను ఇంటికి పంపేయమంది.

మూడో రోజు పొద్దున ఎయిర్‌పోర్టుకు పికప్ సిద్ధమైంది. వాచ్‌మన్ రేకుపెట్టె ఎక్కించి నా దగ్గరికొచ్చాడు.

"ఆ పేపరొకటి ఇవ్వండి సాబ్. ఎందుకు తిరిగొచ్చావని ఇంట్లో అడుగుతారు. చూపిస్తాను."

ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. పికప్ ఎక్కాడు. నన్ను అనాల్సిన మాట బైండింగ్ అతను అన్నాడు, పికప్ మలుపు తిరిగాక, అందరి ముందూ.

"గిప్పుడు రాయి సారూ, ఆ ఊరికి ఒక మొగోడు పెరిగిండని."