ఒకే చీరలో ఐదు రోజులు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, ఫిబ్రవరి మొదటి సోమవారం నాడు అల్లూరుకు అవతల, సముద్రం వైపు, రొయ్యల గుంటల మధ్య కట్టిన ఒక రిసార్టులో డ్యూటీలో చేరాను. హోదా కాస్ట్యూమ్ ఇన్‌చార్జి. నా కింద ఇస్త్రీ మనిషి ఒకరు, నా పైన షో ప్రొడ్యూసర్ కార్తీక్. ముప్పై నాలుగేళ్ళు సినిమాలకు, సీరియళ్ళకు బట్టలు చూసుకున్న నాకు అదే చివరి పని. ఆ సంగతి చేరేటప్పుడు నాకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు.

అది టీవీ షో. నలుగురు ఆడపిల్లలు, నలుగురు మగపిల్లలు మూడు వారాలు ఒకే చోట ఉండి, ఒకరి మీద ఒకరు మనసుపడి జంటలు కావాలి. చూసే జనం ఓట్లు వేస్తారు. స్క్రిప్టు లేని నిజమైన ప్రేమ అని గేటు మీద పెద్ద బ్యానరు కట్టారు. సముద్రపు గాలికి అది రెండో రోజే చిరిగింది. నిజమైన అన్న ముక్క ఎగిరిపోయి పక్క గుంటలో పడింది. కావలివాడు దాన్ని తెచ్చి రొయ్యల మేత బస్తాల మీద కప్పాడు.

మా పనిలో కంటిన్యూటీ అనే మాట ఉంది. సీరియల్లో ఒక అమ్మాయి గుమ్మం దాటేది సోమవారం తీస్తారు, లోపలికి వచ్చి ఏడ్చేది గురువారం తీస్తారు. చూసేవాళ్ళకు అది ఒకే నిమిషం. కాబట్టి గురువారం కూడా అదే చీర, అదే పిన్ను, అన్నే గాజులు ఉండాలి. అది చూసుకునేది నేను. అక్షరాలు నేను నలభై దాటాక నేర్చుకున్నాను. అంతకు ముందు కంటిన్యూటీ అంతా రంగు దారాల ముళ్ళతో గుర్తు పెట్టుకునేదాన్ని. ఒకసారి ఎవరో నా దారాల కట్ట తీసి మల్లెపూలు కట్టుకున్నారు. ఆ రోజే పలక కొన్నాను. ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. ఎదురుగా ఏ అక్షరం కనిపించినా ఆగి, కూడబలుక్కుని, పూర్తిగా చదివితే గాని కాలు కదలదు. మందు సీసా మీద చీటీ మొదలు లారీ వెనక రాసిన పేర్ల దాకా అన్నీ చదువుతాను.

ఆ రిసార్టులో మనసు గది అని ఒక చిన్న గది ఉండేది. పోటీలో ఉన్న పిల్లలు ఒక్కొక్కరే అందులో కూర్చుని, కెమెరాతో మనసులో మాట చెప్పాలి. ఎన్ని రోజులైనా సరే, ఆ గదిలోకి వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరికి ఒకే జత బట్టలు ఉండాలని, అవి నలగకూడదని కార్తీక్ నాకు చెప్పాడు. గుర్తింపు కోసం అన్నాడు. నాకు సంతోషమేసింది. నా పనికి విలువ ఇచ్చే మనిషి దొరికాడనుకున్నాను. ఎనిమిది మందికీ ఎనిమిది పేజీలు గీసి, కమ్మలు, గాజులు, బొట్టు సైజుతో సహా రాసుకున్నాను. నాలుగు రోజులు ఒక్క పిన్ను తేడా రానివ్వలేదు.

ఆ పిల్లల్లో ప్రసన్న అనే అమ్మాయిది చిట్టమూరు వైపు పల్లె. సూళ్లూరుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. స్నేహితురాలు సరదాకు ఫోటో పంపితే పిలుపు వచ్చింది, సెలవు పెట్టి వచ్చింది. మనిషి చురుకు. నవ్వితే గదంతా వినపడుతుంది. మనసు గదికి ఆమెకు చిలకపచ్చ వెంకటగిరి నూలు చీర పెట్టాను. మగపిల్లల్లో మధు అనే అబ్బాయిది చేపలు పట్టే కుటుంబం. తనేమో రొయ్యల గుంటల మీద సూపర్‌వైజరు. ఇద్దరూ పొద్దస్తమానం మాట్లాడుకునేవాళ్ళు. ఎక్కువగా ఆమె మాట్లాడేది, అతను తల ఊపేవాడు.

ఐదో రోజు పొద్దున ఎడిటర్ నన్ను పిలిచాడు. ప్రసన్న కమ్మలు రెండో రోజు ఒక రకం, నాలుగో రోజు ఇంకో రకం పెట్టారమ్మా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పుస్తకం పట్టుకుని ఎడిటింగ్ గదికి వెళ్ళాను. తీరా చూస్తే కమ్మ అదే, జుట్టు అడ్డం పడింది. అది తేల్చి వచ్చేయాల్సింది. కానీ తెర మీద అక్షరాలు కనిపించాయి, చదవడం మొదలుపెట్టాను.

తెర అడుగున ముక్కలు ముక్కలుగా వరస ఉంది. ఒక ముక్క మీద డి నాలుగు అని, పక్క ముక్క మీద డి రెండు అని ఉంది. మధ్యలో ఖాళీ వదిలి దాని మీద మధు అని, రేపు తీయాలి అని రాశారు. ఏందయ్యా ఇది అని అడిగాను. ఎడిటర్ మంచివాడు, దాచలేదు. నాలుగో రోజు ఆమె నవ్వుతూ తల దించుకున్న ముక్క ముందు వస్తుంది. చివర రెండో రోజు ముక్క వస్తుంది. మధ్యలో రేపు ఆమె చేత మధు పేరు ఒకసారి పలికిస్తే చాలన్నాడు. రెండో రోజు ముక్క వేసి వినిపించాడు కూడా.

"ఆ వాసన నా వల్ల కాదు. దగ్గరికి పోతేనే కడుపులో తిప్పతాది."

ఆ మాట ఆమె అన్నప్పుడు నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. ఆ రోజు అందరినీ మేత బస్తాల షెడ్డుకు తీసుకెళ్ళారు. అక్కడ ఎట్లా ఉందని అడిగితే చెప్పిన జవాబు అది. ఇప్పుడది మధు గురించి అన్నట్టు అవుతుంది. చేపల వాసన అని ఆ కుటుంబాన్ని, ఆ పల్లెలన్నిటినీ కలిపి అన్నట్టు అవుతుంది. ఆమె ఆసుపత్రికి వచ్చే రోగుల్లో సగం మంది పులికాట్ సరస్సులో చేపలు పట్టేవాళ్ళు. ప్రోమో శనివారం వస్తుంది. ఆదివారం నుంచి ఆ పిల్ల ఏ ముఖంతో వాళ్ళకు సూది వేస్తుంది? రెండు రోజుల మాటలు ఒకే నిమిషంలో అన్నట్టు అతుకుతున్నది ఎవరు? ఎడిటర్ కాదు. నా చీర.

నాకు కోపం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. అంత శుభ్రంగా పని చేసి పెట్టాను మరి.

కార్తీక్ దగ్గరికి వెళ్ళి నేరుగానే అడిగాను. అతను చేతులు కట్టుకుని వినయంగా విన్నాడు. ఇది కథ నడపడం అన్నాడు, ఆమెకే మంచి పేరు వస్తుందన్నాడు, మీరు బట్టలు చూసుకోండమ్మా అన్నాడు. సరే, బట్టలే చూసుకుంటానని వచ్చేశాను.

మా యూనిట్‌లో అరవై మందికి పైగా భోంచేస్తారు. అన్నం వార్చిన గంజి పెద్ద డేగిసాల్లో ఉంటుంది. మధ్యాహ్నం ఒక డేగిసా అడిగి తెచ్చుకున్నాను. నూలు చీరకు గంజి పెట్టడం అందరికీ తెలుసు, కాకపోతే నీళ్ళు కలిపి పలచగా పెట్టాలి. నేను నీళ్ళు కలపలేదు. పైగా పొయ్యి మీద మళ్ళీ కాచి చిక్కబరిచాను. మూడుసార్లు ముంచి, మూడుసార్లు ఎండేశాను. సాయంత్రం దండెం మీద నుంచి తీస్తే చీర తలుపు రెక్కలా చేతికి వచ్చింది. గోడకు ఆనిస్తే దానంతటదే నిలబడింది. మా ఇస్త్రీ ఆమె చూసి, ఇది కట్టేదా అక్కా, కప్పు మీద వేసేదా అని అడిగింది.

మరునాడు పొద్దున ప్రసన్నకు చీర కడుతూ విషయం చెప్పాను. పోటీలో ఉన్నవాళ్ళతో మేము బట్టల గురించి తప్ప మాట్లాడకూడదని రూలు. రవిక లోపల బిగించే చిన్న మైకు ఆడపిల్లలకు నేనే పెట్టేదాన్ని. దాన్ని పిడికిట్లో గట్టిగా మూసి, రెండు నిమిషాల్లో అంతా చెప్పేశాను. ఆమె ముఖం ఎర్రబడింది. వెళ్ళి కార్తీక్‌ను నాలుగు దులుపుతానంది. దులిపితే అది కూడా తీసి ఇంకో చోట అతికిస్తారని చెప్పాను. దాంతో ఆగింది.

"నా మాట కొయ్యకుండా ఉండాలంటే ఎట్టా చెప్పాలక్కా?"

"సందు ఇయ్యబాక. నువ్వు ఊపిరి తీసుకున్న కాడ కోస్తారు."

సరే, ఆసుపత్రిలో రోజూ చేసేదే అంది ఆమె. ఏం చేస్తుందో నాకు అర్థం కాలేదు. కుచ్చిళ్ళు మడత పడక నేను తంటాలు పడుతున్నాను.

పదిన్నరకు మనసు గదిలో కూర్చోబెట్టారు. పిల్ల కూర్చుంది గాని చీర కూర్చోలేదు. కుచ్చిళ్ళు గంపలా లేచాయి. పమిట భుజం మీద నుంచి పలకలా పక్కకు నిలబడింది. మానిటర్‌లో చూసి కార్తీక్, అమ్మాయి రాత్రికి రాత్రి ఇట్లా లావైందేమిటని అడిగాడు. టైము లేదు, ముక్క సాయంత్రానికి హైదరాబాదు వెళ్ళాలి, కానివ్వమన్నాడు.

ఈ షోల్లో ఇంకో పద్ధతి ఉంది. అడిగేవాడి గొంతు వినపడకూడదు కాబట్టి ప్రశ్నను కలుపుకుని జవాబు చెప్పమంటారు. మధు గురించి ఏమనుకుంటున్నావని అడిగితే, మధు గురించి నేను అనుకునేది ఏమిటంటే, అని మొదలుపెట్టాలి. వాళ్ళకు కావలసింది ఆ నాలుగు మాటలే. ప్రసన్న నోరు తెరిచింది. సౌండ్ చూసే కరీం హెడ్‌ఫోను ఒక చెవి తీసి చుట్టూ చూశాడు.

"సార్, ఎవురో అప్పడాలు నములుతా ఉండారు."

వెతికారు. ఎవరి చేతిలోనూ అప్పడం లేదు. రెండోసారి మొదలుపెట్టారు. ఆమె ఊపిరి పీలిస్తే చాలు, ఎండాకుల మీద గొడ్డు నడిచినట్టు చప్పుడు. చివరికి చీర దొరికిపోయింది. కార్తీక్ నన్ను పిలిచి, ఏమిటమ్మా ఇది అన్నాడు. పుస్తకం తెరిచి చదివి వినిపించాను. చీర చిలకపచ్చ, పిన్ను ఎడమ భుజం, గాజులు చేతికి నాలుగు, కమ్మలు బుట్టలు, బొట్టు చిన్నది. అన్నీ ఉన్నాయా లేదా సార్ అని అడిగాను. ఉన్నాయన్నాడు.

"నలగ్గూడదని మీరే అన్నారు గదా సార్. నలగదు."

వేరే చీర కట్టమనడానికి లేదు. చీర మారిస్తే అతుకు పడదు. నీళ్ళు చల్లి మెత్తబరచమన్నాడు. తడిసిన గంజి సంగతి అతనికి తెలియదు. చీర ఎక్కడికక్కడ జిగురై కుర్చీకి అంటుకుంది. ఫ్యానుకు ఆరబెడితే మచ్చలు తేలాయి. పన్నెండు దాటింది. చివరికి, మచ్చల సంగతి ఎడిటర్ చూసుకుంటాడు, నువ్వు కదలకుండా కూర్చుని మధు పేరుతో మొదలుపెట్టి ఒక్క వాక్యం చెప్పు చాలు అని బతిమాలాడాడు. ప్రసన్న బొమ్మలా కదలకుండా కూర్చుంది. ఆసుపత్రిలో ఒక డ్యూటీ నుంచి ఇంకో డ్యూటీకి రోగిని అప్పజెప్పేటప్పుడు నర్సులు చెప్పే తీరు ఉంటుందట. తేదీ, టైము, మనిషి, సంగతి, ఒకే ఊపిరిలో. అట్లా చెప్పింది.

"ఈ రోజు శనివారం పన్నెండుంపావుకి మధు గురించి అడిగినారు మధు మంచోడు నాకు నచ్చినాడు వాసన అని నేనన్నది మంగళవారం మేత బస్తాల గురించి మధు గురించి గాదు."

ఇంకోసారి చెప్పమన్నారు. ఇంకోసారి చెప్పింది, టైము మాత్రం పన్నెండూ ఇరవైకి మార్చింది. మూడోసారికి కెమెరామన్ కిందికి వంగి చూస్తున్నట్టు నటిస్తూ నవ్వుకున్నాడు. ఎడిటర్ వచ్చి విని, పేరును మంగళవారం నుంచి విడదీసే సందు ఎక్కడా లేదు సార్ అన్నాడు. కార్తీక్ భోజనానికి బ్రేక్ చెప్పాడు.

సాయంత్రం ప్రోమో వేరేది వెళ్ళింది. మధు ఒంటరిగా సముద్రాన్ని చూస్తున్న దృశ్యం, వెనక ఏడుపు సంగీతం. నిజానికి అతను అలలో పోయిన చెప్పు కోసం చూస్తున్నాడు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు కాబట్టి నేను పట్టించుకోలేదు. ఆ చెప్పుకే ఓట్లు బాగా పడ్డాయని తరవాత విన్నాను.

నేను మైకు పిడికిట్లో మూసిన సంగతి కరీంను అడిగాను, ఏమన్నా వినపడిందా అని. రెండు నిమిషాలు అంతా గరగరగా ఉండాది అక్కా అని ముఖం తిప్పుకున్నాడు. పిడికిట్లో మూసినా మాట వినపడుతుందని ఆ పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. సోమవారం కార్తీక్ నన్ను పిలిచి, మీకు రెస్ట్ అవసరమమ్మా అన్నాడు. బాగా మర్యాదగా అన్నాడు. ఆ మధ్యాహ్నమే పుస్తకం అప్పజెప్పి, బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. మళ్ళీ ఎవరూ పిలవలేదు.

ప్రసన్న ఆ వారమే ఓట్లు చాలక బయటికి వచ్చింది. తిరిగి డ్యూటీలో చేరింది. షోలో గంజి చీర ముక్క చూసిన రోగులు ఆమెను టీవీలో లావుగా ఉన్నావని వెక్కిరించారు గాని, అంతకు మించి ఎవరూ ఒక్క మాట అనలేదు. మధును ఆమె చేసుకోలేదు. కారణం వాసన కాదు. నాలుగు నెలలు చూశాక, నువ్వు ప్రతిదానికీ మీ అన్నను అడుగుతావు, నీతో నా వల్ల కాదని అతని ఎదుటే చెప్పింది. అన్నను అడిగి చెబుతానన్నాడట. అది ఆమె మాట, ఆమె చెప్పదలుచుకున్న రోజున, చెప్పదలుచుకున్న మనిషికి చెప్పింది.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. కథ తీస్తున్నామని చెప్పి కంటిన్యూటీ అడిగితే ప్రాణం పెట్టి చేయండి. అది కథ అని చూసేవాడికి తెలుసు. నిజం తీస్తున్నామని చెప్పి కంటిన్యూటీ అడిగితే, ఎందుకని మొదటి రోజే అడగండి. నేను ఐదో రోజు అడిగాను.