బర్రెల కోసం పెంచిన మొక్కలు

హైటెక్ సిటీలో మొదటి పెద్ద భవనం పైకి లేస్తున్న రోజుల్లో మేము గచ్చిబౌలి ఊళ్ళో ఒక పెంకుటింట్లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. నేను, అమ్మ, తమ్ముడు. నాన్న పోయాక గుంటూరు వైపు నుంచి వచ్చేశాం. నేను హఫీజ్‌పేట్ దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేసేదాన్ని. తమ్ముడు డిగ్రీ పూర్తిచేసి, అప్పట్లో అందరిలాగే కంప్యూటర్ కోర్సులో చేరాడు.

మిగిలిన గదుల్లో ఇంటివాళ్ళు ఉండేవారు. యాభై దాటిన మొగుడూ పెళ్ళాలు, పిల్లలు లేరు. పొలం ఎప్పుడో అమ్మేశారు. ఆ పొలం చుట్టూ ఇప్పుడు పెద్ద ప్రహరీగోడ, గేటు దగ్గర కాపలా ఉన్నాయి. వాళ్ళకి మిగిలింది రెండు బర్రెలు. నేను మావైపు అలవాటు కొద్దీ వాళ్ళని బాబాయిగారు, పిన్నిగారు అంటుంటే మొదట్లో ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయేది. కొన్నాళ్ళకి ఆ పిలుపు ఆవిడకి నచ్చింది. ఆ పిలుపు వినిపించుకోవాలని పొరుగువాళ్ళ ముందు నన్ను కావాలని పలకరించేది.

పెరట్లో పేడకుప్ప పక్కన, బంతిమొక్కల వెనక, రెండు గంజాయి మొక్కలు ఉండేవి. దాచిపెట్టినట్టేమీ కాదు. మేము దిగిన కొత్తలోనే ఇదేం మొక్క అని అడిగితే, ఆయన సొరపాదు చూపించినంత మామూలుగా చెప్పాడు.

"బర్లకు కడుపుబ్బితే గీ ఆకు దంచి బెల్లంల కలిపి పెడ్తం బిడ్డా. మా నాయిన పెట్టిండు, నేను పెడ్తున్న. మనుషులు ముట్టేది కాదు."

నిజంగానే ఆయన ముట్టేవాడు కాదు. పొద్దున బీడీ, సాయంత్రం కల్లు, అంతే. నేను కూడా దాని గురించి మళ్ళీ ఆలోచించలేదు.

ఆ ఏడు చలికాలంలో తమ్ముడు మారడం మొదలుపెట్టాడు. క్లాసు అయ్యాక స్నేహితులతో కలిసి ఊరి వెనక బండల మీద కూర్చుని వచ్చేవాడు. చొక్కాకి ఏదో ఘాటైన వాసన వచ్చేది. పక్కవాళ్ళ సిగరెట్లు అనేవాడు. తర్వాత క్లాసుకి వెళ్ళడం మానేశాడు. నిద్ర లేకుండా పోయింది. అన్నం ముందు కూర్చుని, ఇందులో ఏం కలిపారని అమ్మని అడిగేవాడు. అమ్మ అదే కంచంలోంచి ఒక ముద్ద తిని చూపించేది. అయినా తినేవాడు కాదు.

చుట్టూ రోడ్ల కోసం, భవనాల కోసం గుట్టలు పేల్చేవారు. మధ్యాహ్నాలు ఒకటే మోత. ఒకరోజు అలా మోత వినగానే వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"అక్కా, ఆ రాళ్ళు పేల్చేవాళ్ళు నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. నీకు వినపడట్లేదా?"

లేదురా అన్నాను. వాడు చెయ్యి వదిలేసి, "అయితే నువ్వు కూడా వాళ్ళతో కలిశావన్నమాట" అన్నాడు.

మర్నాడు మానసిక వ్యాధుల పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు ఓపికగా అడిగితే వాడు దాచలేదు. కొన్ని నెలలుగా గంజాయి కాలుస్తున్నాడు. స్నేహితుల్లో ఒకడు ఎక్కడి నుంచో తెచ్చేవాడు, అందరూ పంచుకునేవారు. మిగిలినవాళ్ళకి ఏమీ కాలేదు. ఇప్పటికీ ఆ పిల్లలు బాగానే ఉన్నారని, ఒకరిద్దరు మంచి ఉద్యోగాల్లో ఉన్నారని విన్నాను.

దానివల్లే ఇలా అయిందా అని నేను డాక్టర్ని పక్కకి పిలిచి అడిగాను. అయ్యుండొచ్చన్నాడు. ఎలాగూ రావలసిన జబ్బు ముందే వచ్చి ఉండొచ్చు కూడా అన్నాడు. ఏది నిజమో తేల్చే పరీక్ష లేదన్నాడు. "మీరు నర్సు కాబట్టి ఉన్నమాట చెప్తున్నాను" అన్నాడు. నర్సుని కాకపోతే ఏం చెప్పేవాడో, అది వింటే కాస్త నిమ్మళంగా ఉండేదేమో అనిపించింది.

అమ్మకి ఇంత మీమాంస అక్కర్లేకపోయింది. ఆసుపత్రి నుంచి రాగానే నేరుగా పెరట్లోకి వెళ్ళింది. పిన్నిగారు పాలు పితుకుతూ ఉంది.

"వదినగారూ, అన్నయ్యగారితో చెప్పి ఆ మొక్కలు పీకించేయండి. మీకు దణ్ణం పెడతాను. మావాడు చూడండి ఎలా అయిపోయాడో."

తమ్ముడు ఆ మొక్కల జోలికి ఎన్నడూ పోలేదు. ఆ సంగతి అమ్మకి తెలుసు. కానీ కళ్ళెదురుగా ఉన్న శత్రువు ఆ రెండు మొక్కలే. ఆయన వచ్చి అంతా విన్నాడు. కోపగించుకోలేదు. ఈ ఒక్కసారికి బర్రెల కోసం ఆకు దూసి ఎండబెట్టుకుంటానని, తర్వాత పీకేస్తానని, ఇక మళ్ళీ పెట్టనని మాట ఇచ్చాడు. జర ఆగమన్నాడు.

ఆ ఆకు దూయకముందే ఎక్సైజు వాళ్ళు వచ్చారు. అప్పటికి మద్యనిషేధం ఎత్తేశారు. మా మలుపులోనే వైన్ షాపు తెరిచారు, దాని ముందు సాయంత్రమైతే నడవడానికి దారి ఉండేది కాదు. ఎక్సైజు వాళ్ళు వచ్చింది మా ఇంటి వెనక గుడిసెల్లో గుడుంబా కాస్తున్నారని. కుండల కోసం వెతుకుతూ మా పెరటిగోడ మీదుగా లోపలికి చూశారట.

నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మొక్కలు వేళ్ళతో సహా గోనెసంచిలో ఉన్నాయి. పక్కింటివాళ్ళిద్దరి చేత పంచనామా మీద సంతకాలు చేయించారు. ఆయన జీపులో కూర్చుని ఉన్నాడు. ఇవి బర్రెల మందని నేను చెప్పబోతే, అక్కడున్న అధికారి నన్ను మర్యాదగానే ఆపాడు. కోర్టులో చెప్పుకోండమ్మా అన్నాడు. బాబాయిగారి ముఖంలో భయం లేదు, సిగ్గు ఉంది. "పొద్దుగూకేటాళ్ళకు వస్త. ఫికర్ చెయ్యకు, దూడను ఇప్పు" అని పెళ్ళానికి చెప్పాడు.

ఆయన రాలేదు. మా ఆసుపత్రికి వచ్చే ఒక వకీలుని నేను బతిమాలి పిన్నిగారి దగ్గరికి తీసుకొచ్చాను. వకీలు కేసు కాగితాలు చూసి తల అడ్డంగా ఊపాడు. పెంచింది రెండు మొక్కలా, రెండెకరాలా అని ఆ సెక్షను అడగదని, బెయిలు దొరకడం చాలా కష్టమని చెప్పాడు. పిన్నిగారికి సెక్షను అర్థం కాలేదు. ఆవిడ నావైపు తిరిగింది.

"నువ్వు చదువుకున్నదానివి బిడ్డా. దవాఖాన్ల పనిచేస్తవు. గది బర్ల మందేనని నువ్వు పోయి జడ్జిసాబుకు చెప్పు. నీ మాటైతే వింటరు."

చెప్తానన్నాను. వకీలు నన్ను గుమ్మం బయటికి పిలిచి, ఆ పని మాత్రం చెయ్యొద్దన్నాడు. బర్రెల కోసమని నేను చెప్పినా చట్టంలో దానికి విలువ లేదు, కానీ మొక్కలు ఆయన పెంచినవేనని సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. నేను నోరు విప్పితే ఆయనకి ఇంకా చేటు. ఈ మాట పిన్నిగారికి ఎన్నిసార్లు చెప్పినా నేను తప్పించుకుంటున్నాననే అనుకుంది. ఎక్సైజు వాళ్ళకి చెప్పింది మా అమ్మే అనే అనుమానం కూడా మెల్లగా మొదలైంది. అమ్మ బైబిలు మీద చెయ్యివేసి తాను కాదంది. నేను నమ్మాను. పిన్నిగారు నమ్మలేదు. ఒకే పెరడు, ఒకే బావి, మాటలు లేవు. ఆవిడ బర్రెలని కడుగుతుంటే అమ్మ బిందెతో గుమ్మంలోనే నిలబడి ఉండేది.

ఆ రోజుల్లోనే మా చర్చి యువజనుల సంఘం వాళ్ళు ఆదివారం ఆరాధన తర్వాత ఒక చర్చ పెట్టారు. మద్యానికి లేని నిషేధం గంజాయికి ఎందుకు అన్నది విషయం. నిషేధం ఎత్తేసినప్పటి నుంచి పేపర్లలో, బస్సుల్లో ఇలాంటి వాదనలు నడుస్తూనే ఉన్నాయి. నర్సు కదా అని నన్నూ మాట్లాడమన్నారు. రానంటే ఊరుకోలేదు.

ముందు ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మాట్లాడాడు. ఆఫీసు పని మీద ఐరోపా వెళ్ళొచ్చినవాడు. అక్కడ ఒక నగరంలో కాఫీ అమ్మినట్టు అమ్ముతారని, ఆకాశమేమీ ఊడిపడలేదని, సారా కంటే ఇది ఎంతో నయమని చెప్పాడు. చక్కగా మాట్లాడాడు. తర్వాత ఒక రిటైర్డు హెడ్మాస్టరు లేచి, పిల్లల చేతికి నిప్పిచ్చి చలి కాచుకోమంటారా అని అడిగాడు. ఆయనా చక్కగానే మాట్లాడాడు. ఇద్దరికీ చప్పట్లు కొట్టారు.

నా వంతు వచ్చింది. నాకు ఉపన్యాసం రాదు. మా ఇంటివారి సంగతి చెప్పాను. బర్రెల కోసం రెండు మొక్కలు పెంచినందుకు ఆయన జైల్లో ఉన్నాడన్నాను. తర్వాత మా తమ్ముడి సంగతి చెప్పాను. అప్పటిదాకా చర్చిలో ఎవరికీ చెప్పలేదు, వాడికి టైఫాయిడ్ అని చెబుతూ వచ్చాం. వాడు అమ్మ పెట్టిన అన్నం తినడం లేదని చెప్పి కూర్చున్నాను.

చర్చ అయ్యాక ఇంజనీరు నా దగ్గరికి వచ్చి, ఆ రైతు ఉదాహరణ చాలా బలమైందని, తన వాదనకి సరిగ్గా సరిపోయిందని మెచ్చుకున్నాడు. తమ్ముడి గురించి ఏమీ అడగలేదు. హెడ్మాస్టరుగారు నా తల మీద చెయ్యిపెట్టి, నీ తమ్ముడి కథతో అందరి కళ్ళూ తెరిపించావమ్మా అన్నారు. జైల్లో ఉన్నాయన గురించి ఆయనా అడగలేదు. చివర్న చేతులెత్తించి లెక్కపెట్టారు. అనుమతించాలన్నవాళ్ళు ఎత్తమన్నప్పుడు నేను ఎత్తలేదు. వద్దన్నవాళ్ళు ఎత్తమన్నప్పుడూ ఎత్తలేదు. పక్కన కూర్చున్నావిడ నా మోచేయి తట్టి, ఏదో ఒకటి ఎత్తమంది.

బాబాయిగారు ఏడాది దాటాక బయటికి వచ్చాడు. కేసు కొట్టేశారు. పట్టుకున్న మూటకీ కోర్టుకి చేరిన మూటకీ ముద్రలు సరిపోలేదని వకీలు చెప్పాడు. అది బర్రెల మందా కాదా అని చివరిదాకా ఎవరూ అడగలేదు. అప్పటికే బర్రెలని అమ్మేశారు. ఒకటి ఈనలేక చచ్చిపోబోతుంటే నార్సింగి నుంచి వచ్చిన బేరగాడు ఎంతకి అడిగితే అంతకి రెండింటినీ ఇచ్చి పంపేసిందట పిన్నిగారు. ఆయన వచ్చిన మొదటిరోజు అలవాటు కొద్దీ తెల్లవారకముందే లేచి కొట్టంలోకి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. ఎండెక్కాక పిన్నిగారు వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

అమ్మ ఆ రోజు ధైర్యం చేసి టీ పట్టుకెళ్ళింది. ఆయన తీసుకున్నాడు. "పిలగాడెట్లున్నడు?" అని అడిగాడు. మందులు వాడుతున్నాడని అమ్మ చెప్పింది. మంచిది అన్నాడు. ఆ తర్వాత మా రెండు కుటుంబాలూ మాట్లాడుకున్నది తక్కువే. కొన్నాళ్ళకి ఆ ఇల్లు కూడా ఎవరో బిల్డరు కొన్నాడు. వాళ్ళు ఎటు వెళ్ళారో తెలియకుండానే మేము హఫీజ్‌పేట్‌కి మారిపోయాం.

ఇప్పుడు టీవీలో ఆ చర్చ మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది. కొన్ని దేశాల్లో అనుమతించారంటారు, మందుగా ఇస్తున్నారంటారు, మన పిల్లలు పాడైపోతున్నారంటారు. నేను ఇరువైపులా వింటాను. రెండు మొక్కలకి మనిషిని జైల్లో పెట్టే చట్టం నాకు వద్దు. మా తమ్ముడి చేతికి ఆ పొగ అంత సులువుగా అందే రోజులూ వద్దు. ఈ రెండు మాటలనీ కలిపి చట్టంగా ఎలా రాస్తారో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు ఉండే ఉంటారు, వాళ్ళ దాకా నేను వెళ్ళలేను.

తమ్ముడు నాతోనే ఉంటున్నాడు. కేకలు తగ్గాయి, నవ్వు కూడా తగ్గింది. కంప్యూటర్ ముందు మళ్ళీ కూర్చోలేదు. నెలకోసారి మాత్రలు తెచ్చి వాడి మంచం పక్కన పెడతాను. ఇవి ఎప్పటిదాకా అక్కా అని అడుగుతాడు. డాక్టరుగారిని అడుగుదాంలే అంటాను. సరే అని, మంచినీళ్ళు తెచ్చుకోవడానికి లేస్తాడు.