సైప్రస్ ఇంట్లో రాజోలు ఆవిడ

ముందే చెబుతున్నాను, దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్ళొద్దని మా అత్తగారు అంటే కావాలనే వెళ్ళి ఆరేసిన బట్టలు తెచ్చేదాన్ని. సౌదీలో, జుబైల్ అనే ఊళ్ళో ఇండియన్ స్కూల్లో ఏళ్ళ తరబడి సైన్సు చెప్పాను. ఇది ఎవరినో భయపెట్టడానికి రాయడం లేదు. మావారు నన్ను నమ్మలేదన్న బాధ ఇంకా పోలేదు, అందుకు రాస్తున్నాను.

ఆయన జుబైల్లో ఒక కంపెనీలో మెయింటెనెన్స్ ఇంజనీరు. సౌదీవాళ్ళకు ఇన్ని ఉద్యోగాలు ఇచ్చి తీరాలని నితాకత్ వచ్చాక, ఆ లెక్కలో కంపెనీ వెనకబడి, ప్రభుత్వం వేసే రంగుల్లో అన్నిటికన్నా కిందిదైన ఎరుపులోకి జారింది. దాని మీద భార్యాపిల్లలకు తలకింత లెవీ, ఏడాదికేడాది పెరుగుతూ. అక్కడ ఉండనిచ్చే కార్డు ఇకామా, దాని రెన్యువల్ దగ్గరపడుతోందంటే మా ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు.

మా బిల్డింగులో కుటుంబాలు ఒక్కొక్కటే ఫైనల్ ఎగ్జిట్ వేయించుకుని ఇండియాకి శాశ్వతంగా వెళ్ళిపోయేవి. పోతూపోతూ ఫ్రిజ్జో సోఫానో మాకు అంటగట్టేవారు. ఎవరెవరి సామానుతోనో మా హాలు నిండిపోయింది. వీడ్కోలు భోజనాలు వండి వండి నాకు విసుగొచ్చేసింది. రేపు మనకెవరు వండుతారులే అనుకునేదాన్ని.

అలాంటప్పుడు ఖోబార్లో ఒక హోటల్లో సైప్రస్ ఇళ్ళు అమ్ముతున్నారని మావారు వెళ్ళొచ్చారు. మధ్యధరా సముద్రంలో ద్వీపం. అక్కడ ఇల్లు కొంటే కుటుంబం మొత్తానికీ ఉండే అనుమతి వస్తుందట. “ఇక్కడ పొమ్మంటున్నారు, అక్కడ మనూళ్ళో నాకు పని లేదు. అదైతే నలుగురం ఒకచోట పడి ఉంటాం” అన్నారు. నలుగురంటే మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు. అందుకోసం హైదరాబాదులో మాకున్న ఫ్లాటు అమ్మేద్దామనుకున్నాం. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన ఇల్లు చూడటానికి వెళ్ళారు. శుక్రవారం పొద్దున వీడియో కాల్ చేశారు. పిల్లలు నిద్రపోతున్నారు. నేను వంటింట్లో దోసకాయ తరుగుతూ ఫోను డబ్బాకి ఆనించుకుని చూస్తున్నాను.

కొండ కింద పాత రాతి ఇల్లు. ఒంటరిగా ఉండే ముసలామె పోతే, వారసులు అమ్మకానికి పెట్టారు. “వంటిల్లు ఆగ్నేయంలోనే ఉంది చూడవే” అని మురిసిపోయారు మావారు. గ్రీకువాళ్ళకు వాస్తు ఎవరు చెప్పారో మరి. పైన నీళ్ళ ట్యాంకు చూసొస్తానని, ఫోను ఆ వంటింటి కిటికీలో నిలబెట్టి, ఏజెంటుతో మేడెక్కారు.

అప్పుడు ఒకావిడ లోపలికి వచ్చి సింకు తుడవడం మొదలుపెట్టింది. యాభై ఏళ్ళుంటాయి. నైటీ, భుజం మీద తువ్వాలు. నన్ను చూసి “బాగున్నారా అమ్మా?” అంది.

నాకేం వింత అనిపించలేదు. సౌదీ ఇళ్ళల్లో ఎంతమంది మన గోదావరి ఆడవాళ్ళు లేరు! ఏజెంటు పెట్టిన పనిమనిషి కాబోలు అనుకున్నాను.

“ఏ ఊరు మీది?” అన్నాను.

“ఆయ్, రాజోలు దగ్గరండి. ఇక్కడ ముసలామెను చూసుకోడానికొచ్చానండి. ఆవిడ పోయారు. ఇంటోళ్ళెవరో చెబితేగానీ కదలకూడదు కదండీ. ఎవరూ చెప్పట్లేదండి.”

నాకు మండింది. ఎగ్జిట్ వేయించమని యజమాని కాళ్ళావేళ్ళా పడే ఆడవాళ్ళను సౌదీలో చూసీ చూసీ ఉన్నాను. అక్కడా ఇదే గోలా!

“ఈ ఇల్లు మేం తీసుకుంటున్నాం. ఇంటిమనిషిగా నేను చెబుతున్నాను, మీరు ఇంటికి వెళ్ళండి” అన్నాను.

“నిజంగా వెళ్ళిపోమంటారా?”

“వెళ్ళు తల్లీ. టికెట్ సంగతి మావారితో చెప్పి చూస్తాను.”

“టికెట్ అక్కర్లేదండి. మాట చాలండి” అంది. ఆవిడ కళ్ళు నిండాయి.

బొట్టు పెట్టకుండా ఆడమనిషిని పంపే అలవాటు మా ఇంట్లో లేదు. సౌదీలో దేవుడి పటాలు నలుగురి కంటా పడకుండా వంటింటి అల్మారాలోనే దాచుకునేవాళ్ళం కాబట్టి కుంకుమ చేతికందేలా ఉంది. పిచ్చిపని అనుకుంటూనే, వేలికి అద్ది ఫోను అద్దం మీద ఆవిడ నుదుటి దగ్గర పెట్టాను. ఆవిడ తల ముందుకు వంచింది. తర్వాత చేతులు తువ్వాలుకి తుడుచుకుని పక్కకు వెళ్ళిపోయింది.

నేనింకా ఆ ఖాళీ వంటిల్లే చూస్తున్నాను. దాని మీదే ఇంకో కాల్ వచ్చింది. మావారు!

“సిగ్నల్ లేదే బాబూ. నేను మెట్లెక్కకముందే కట్టయింది. ఫోను జేబులో వేసుకుని పైకొచ్చాను. ఇందాకణ్ణుంచి చేస్తుంటే ఎత్తవేం?”

ఆ వంటింట్లో ఆవిడెవరని అడిగాను. ఎవరూ లేరన్నారు. పెరటి తలుపుకి లోపలి గడియ అలాగే ఉందట. ఏజెంటుని అడిగితే, ముసలామెకు ఎవరో విదేశీ ఆయా ఉండేదని విన్నాననీ, ఏమైందో తనకు తెలియదనీ చెప్పాడట. నా ఫోన్లో కాల్ తెగినట్టే లేదు. ఆయన ఫోన్లో ఎప్పుడో తెగిపోయింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం, ఆయన వచ్చాక.

ఆవిడ గురించి రాజోలు వైపు వాకబు చేయిద్దామంటే పేరు తెలియదు. మనవాళ్ళు కనబడితే ఊరడుగుతాం, కులం కూపీ లాగుతాం, పేరు మాత్రం ఎవరికి కావాలి? నేనూ అంతే.

అడ్వాన్సు ఇవ్వమంటావా అని మావారు అడిగినప్పుడల్లా నా నోరు పెగల్లేదు. భయం కాదు. ఊఁ అందామనే నోరు తెరిచేదాన్ని, మాట వచ్చేది కాదు. ఆయన దాన్ని వద్దనడం కిందే తీసుకున్నారు. ఆ ఇల్లు వేరేవాళ్ళు కొనుక్కున్నారు. మరుసటి రెన్యువల్‌కి నేనూ పిల్లలూ ఫైనల్ ఎగ్జిట్ మీద కాకినాడ వచ్చేశాం. ఆయన జుబైల్లోనే, బ్యాచిలర్ రూములో, మరో ముగ్గురితో.

మొన్న ఫోన్లో అన్నారు: “నీకు రావడం ఇష్టం లేదని ఒక్క ముక్క చెబితే పోయేది కదే. ఆవిడెవరినో ఎందుకు కల్పించావు?”

కోపంగా కూడా అనలేదు. బాగా అలసిపోయినట్టు అన్నారు. నలుగురం ఒకచోట ఉండాలని ఆయనకంటే నాకే ఎక్కువ ఉండేదని ఎలా చెప్పను? ఆవిడ ఎవరో, లేని కాల్‌లోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. నోట మాట ఎందుకు రాలేదో అంతకన్నా తెలియదు. ఎవరినో ఇంటికి వెళ్ళమని అంత సులువుగా చెప్పిన నేను, మా ఆయన్ని మాత్రం ఇంటికి రమ్మనలేకపోతున్నాను.