ఇంట్లో అందరికీ పనికొచ్చే కోటు

మా ఇంట్లో ఏదీ ఒక్కరి కోసం కొనరు. చెప్పులైనా, గొడుగైనా సరే, "తర్వాత ఇంకెవరికైనా పనికొస్తుందా?" అన్న ప్రశ్న దాటుకుని రావాలి. తొంభైల్లో అశోక్ నగర్‌లో కాపురం పెట్టిన కొత్తల్లోనే దానికి అలవాటు పడిపోయాను. ఆ కోటు సంగతి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ కడుపు మండుతుంది.

అప్పట్లో నేను చేపల మీద పరిశోధన చేసే ఆఫీసులో ఉద్యోగం చేసేదాన్ని. ఓ చలికాలం నన్ను ఒక మంచుదేశానికి శిక్షణకు ఎంపిక చేశారు. అక్కడ సరస్సు గడ్డకట్టాక, మంచుకు కన్నం పెట్టి, అందులోంచి గాలం వేసి చేపలు పడతారట. ఆ పని నా చేతులతో చెయ్యాలని ఎంత ఆశపడ్డానో! ఒక్కటే షరతు. మంచు విరిగి నీళ్లలో పడినా మనిషిని తేల్చే కోటు, లోపల స్పాంజి కుట్టిన వెచ్చటి కోటు, ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. లేకపోతే మంచు మీదికి రానివ్వరు.

చిక్కడపల్లిలో అడిగితే స్వెట్టరు చూపించారు. నారాయణగూడలో రెయిన్‌కోటు చూపించి, దాని కింద స్వెట్టరు వేసుకోమన్నారు. ఇంకో కొట్టాయన మంకీ క్యాపు తీసి, ముందు చెవులు కాపాడుకోమని హితబోధ చేశాడు. నీళ్లలో తేలాలి అన్న మాట చెప్పడం మానేశాను. చెప్పిన ప్రతిసారీ కొట్లో అందరూ పని ఆపి నన్నే చూసేవాళ్లు.

చివరికి సుల్తాన్ బజార్‌లో, విదేశాల నుంచి వచ్చిన పాత బట్టలు కుప్పలు పోసి అమ్మేచోట దొరికాయి. ఒకటి కాదు, రెండు. నొక్కి చూస్తే లోపల మందంగా స్పాంజి. చిన్నది వేసుకుంటే నాకే కుట్టినట్టు సరిపోయింది. సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. ఈలోగా మావారు పెద్దది తొడుక్కుని, జిప్పు పైదాకా లాగి, అటూ ఇటూ తిరిగి చూసుకున్నారు.

"ఇది తీసుకుందాం. నువ్వు తిరిగొచ్చాక నాకు పనికొస్తుంది," అన్నారు.

నాకు బాగా వదులన్నాను. లోపల రెండు స్వెట్టర్లు వేసుకుంటే ఇంక వదులెక్కడుంటుందని ఆయన వాదన. అమ్మేవాడూ ఆయనకే వంత పాడాడు. "పెద్దది తీస్కో అక్కా, ఇంట్ల అందరికి పనికొస్తది." చలిలోకి పోయేది నేను, కొలత మాత్రం ఆయనది.

ఇంటికొచ్చి తొట్టి నిండా నీళ్లు పట్టి ముంచి చూశాం. ఎంత అదిమినా పైకే లేచింది. అది ఆరాక మా అత్తగారు కాలరు లోపల పసుపు బొట్టు పెట్టి, క్షేమంగా వెళ్లి రమ్మన్నారు.

సరస్సు ఒడ్డున, మాకు పని నేర్పే పెద్దావిడ ఒక్కొక్కరి కోటూ పరీక్షించింది. నా వంతు వచ్చాక చేతులు పైకెత్తమని, భుజాల దగ్గర కోటు పట్టుకుని పైకి లాగింది. వేసిన జిప్పు వేసినట్టే ఉంది, కోటు మాత్రం రెండు స్వెట్టర్ల మీదుగా జారి నా ముఖం కప్పేసింది. ఆ చీకట్లో పసుపు వాసన తగిలింది. బయటి నుంచి ఆవిడ గొంతు వినబడింది.

"కోటు తేలుతుంది. నువ్వు మాత్రం మునిగిపోతావు."

శిక్షణ ఇచ్చేవాళ్ల సొంత కోట్లు అడిగి చూశాను, అవి నా కోటుకన్నా పెద్దవి. అందరూ మంచు మీదికి నడిచి వెళ్లారు. నేను ఒడ్డున షెడ్డులో కూర్చుని, వాళ్లు పట్టుకొచ్చిన చేపలు తూచాను. శిక్షణ ముగిసేదాకా నాకదే పని. తూచిన ప్రతి చేప మీదా నాకు కోపమే.

తిరిగొచ్చి అంతా చెబితే మావారు నిజంగానే బాధపడ్డారు. ఆ తర్వాత కోటు తీసుకుని బీరువాలో తన బట్టల వైపు తగిలించుకున్నారు. డిసెంబరులో పొద్దున్నే స్కూటరు మీద పాలకు వెళ్లడానికి అదే వేసుకునేవారు. వచ్చేసరికి చెమటతో తడిసిపోయేవారు. ఎందుకీ అవస్థ అంటే, కొన్నాక వాడకపోతే ఎలా అనేవారు.

ఒకరోజు ఆయన్ని గుమ్మంలోనే ఆపి, చేతులు పైకెత్తమన్నాను. భుజాల దగ్గర పట్టుకుని, నా బలమంతా పెట్టి లాగాను. కోటు అంగుళం కూడా కదల్లేదు.